ఎనిమిది రేకుల కుల్లాయి

పోస్ట్‌మన్ సంతకం పెట్టించుకొని ఇచ్చిపోయిన కవరులో తొమ్మిది కాగితాలున్నాయి. ఎనిమిదింటి నిండా ఇంగ్లీషు. తొమ్మిదో దాంట్లో మాత్రం బొమ్మలున్నాయి. వాటిని చదవడానికి జలజకు ఏ భాషా అక్కర్లేకపోయింది. అది తను కుట్టే కుల్లాయి. ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, కుడి నుంచి, ఎడమ నుంచి, పై నుంచి, కింది నుంచి, చివర కొంచెం ఓరగా తిప్పి ఇంకొకటి, మొత్తం ఏడు బొమ్మలు. పెళ్లిచూపుల్లో పిల్లనైనా ఎవరూ ఇన్ని వైపుల నుంచి చూసి ఉండరు.

“మన కుల్లాయి ఎవరో ఎంత బాగా గీసినారో చూడండి,” అంది మొగుడితో. ఆ క్షణంలో నిజంగానే సంబరపడింది. తర్వాత ఆ సంగతి తలుచుకుంటే ఆమెకే ఒళ్లు మండింది.

తిరుమలేశ్ ఎవరికో లైనింగు గుడ్డ కొలుస్తున్నాడు. కర్ణాటకలో, ఆంధ్ర అంచునున్న పావగడ బజారులో ఆ బట్టల అంగడి అతని తాత నాటిది. ముందు భాగంలో రవికె గుడ్డలు, ఫాల్సులు, లైనింగులు అతని పెత్తనం. వెనక కిటికీ పక్కనున్న రెండు కుట్టుమిషన్లు జలజవి. అతను గిరాకీని పంపించి, కళ్లద్దాలు పెట్టుకొని, వేలు కింద ఆనించి ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చదివాడు. చదివిన కాగితమే మళ్లీ చదివాడు. తర్వాత స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

“ఈ కుల్లాయి మనం కుట్టకూడదంట,” అన్నాడు.

“ఎవరంటారు?”

“బెంగళూరు కంపెనీ ఒకటి. దీని డిజైను వాళ్ల పేరు మీద రిజిస్టరు అయ్యుండాదంట. మనం వాళ్లది చూసి కాపీ కొడతాండామంట. ఏడు దినాల్లో నిలిపేసి, కుట్టిండేవన్నీ వాళ్లకు అప్పజెప్పల్లంట. లేదంటే కోర్టుకు పోతారంట.”

“వాళ్లు మనది చూసి కొట్టినారనా?”

తిరుమలేశ్ మళ్లీ కాగితంలోకి చూశాడు. “కాదు. మనమే వాళ్లది.”

“సరిగ్గా చదవండి.”

“సరిగ్గానే చదివినాను.”

వల్లూరు దగ్గర సోలార్ పలకలు కడిగే ఆడవాళ్ల కోసం కుట్టిన కుల్లాయి అది. హెల్మెట్టు కింద తలకు అతుక్కొని ఉంటుంది. చెంపల మీదికి రెండు రెక్కలు, మెడ మీదికి ఒక తోక. పలకల మీద నుంచి ఎగజిమ్మే వేడి ముఖానికి కొట్టకుండా రెక్కలు అడ్డుకుంటాయి. దాని అందమంతా వెనక ఉంది. కొప్పు బయటికి రావడానికి మెడకు కొంచెం పైన గుండ్రటి కంత, ఆ కంత చుట్టూ ఎనిమిది రేకులు. కొప్పులో నాలుగు కనకాంబరాలు పెట్టుకుంటే తల వెనక పువ్వు పూసినట్టే ఉంటుంది. వల్లూరు, బలసముద్రం ఆడవాళ్లు దానికి జలజమ్మ కుల్లాయి అని పేరు పెట్టారు. అంగట్లోకి వచ్చి ఎవరైనా ఆ మాట అంటే జలజ మిషను తొక్కుతూ తల ఎత్తేది కాదు గాని, కుట్టు మాత్రం ఉన్నట్టుండి పరుగందుకునేది.

ఆ రోజు కుట్టు పరిగెత్తలేదు. బొమ్మల కాగితాన్ని మిషను బల్ల మీద పరుచుకొని, పక్కన కుల్లాయి పెట్టుకొని, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. చూసి చూసి, పెట్టెలోంచి టేపు తీసింది. ఎడమ రెక్క కుడి రెక్క కంటే అర అంగుళం పొడుగుంటుంది. మొదటి రోజు అట్ట కత్తిరించేటప్పుడు కత్తెర జారి అట్లా వచ్చింది. మరో అట్ట చేసుకుందామనుకుంటూనే వందల కుల్లాయిలు కుట్టేసింది. బెంగళూరు కంపెనీ బొమ్మలో కూడా ఎడమ రెక్కే పొడుగ్గా ఉంది.

“ఇది చూడండి. నా తప్పును కూడా ఎత్తుకొనిపోయినారు,” అంది.

తిరుమలేశ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. “మొన్నటి కార్తీకం కాదు, దాని ముందు కార్తీకంలో ఒకాయన వచ్చినాడు కదా. రెండు కుల్లాయిలు కొనుక్కొని, అట్ట కూడా అడిగినాడు. గీసుకొని ఇస్తానంటే నువ్వే ఇస్తివి.”

“అడిగినాడని ఇస్తిని. ఎంత బాగుండాదమ్మా అనె.”

“కాఫీ కూడా ఇస్తివి.”

జలజకు ఏడుపు రాలేదు, కోపం కూడా పూర్తిగా రాలేదు. ఎవరో ఇంట్లోకి వచ్చి కూర్చొని, ఇది మా ఇల్లు, నువ్వెవరమ్మా అని మర్యాదగా అడిగినట్టుంది.

మర్నాడు ఇద్దరూ లాయరు వినుత దగ్గరికి పోయారు. కొండ కిందున్న తాలూకాఫీసుకు ఎదురుగా, జిరాక్సు అంగడి పైన ఆమె గది. సోలార్ కంపెనీలకు భూములు బాడుగకిచ్చిన రైతుల కాగితాలు చూసీ చూసీ ఆమె బీరువా నిండిపోయింది. వయసు ముప్పై దాటలేదు. ముందురోజు సాయంత్రం తిరుమలేశ్ ఫోన్లో ఫోటో తీసి పంపిన నోటీసునే ఇప్పుడు కాగితం మీద మళ్లీ చదివి, నిజం దాచకుండా చెప్పింది.

“అక్కా, ఇట్లాంటి కేసు నేను ఎప్పుడూ చూళ్లేదు. రాత్రంతా చదివినా. మొదట నాకూ తిక్కతిక్కగా అనిపించింది. నిదానంగా చెప్తా, వినండి. ఈ రిజిస్ట్రేషను వస్తువు ఎట్ల పని చేస్తాదనే దానికి కాదు, ఎట్ల కనబడతాదనే దానికి. కంటికి కనబడే రూపానికి మాత్రమే.”

“కంటికి కనబడేది నాదే కదా.”

“మీదే. కానీ మీదని చెప్తే గెలవం.”

జలజ మొగుడి వైపు చూసింది. అతను గోడ మీది క్యాలెండరు వైపు చూస్తున్నాడు.

“రూపం కొత్తదైతేనే రిజిస్టరు చేస్తారు,” అంది వినుత. “వాళ్లు అర్జీ పెట్టింది పోయిన సంవత్సరం జనవరి పన్నెండు. దాని కంటే ముందే ఈ కుల్లాయి నలుగురి కంట పడింటే అది కొత్తది కాదు. కొత్తది కాదని మనం చూపిస్తే వాళ్ల రిజిస్ట్రేషను రద్దు చేయమని అడగచ్చు. దానికి కలకత్తాలో ఆఫీసు ఉండాది.”

“అంటే నా కుల్లాయి పాతదని నేనే చెప్పల్లా?”

“అదే చెప్పల్ల.”

“సరే, పాతదే. రద్దు చేసినాక నా పేరు మీద రాస్తారా?”

“రాయరక్కా. అప్పటికి అది అందరూ చూసేసింది కదా. కొత్తది కాదు.”

“ఎవరి వల్ల పాతదయింది? నా వల్లనే కదా.”

“మీ వల్లనే.”

“మరి అది ఎవరిది?”

“ఎవరిదీ కాదు. మీరు కుట్టుకోవచ్చు, బజారులో ఇంకెవరన్నా కుట్టుకోవచ్చు. ఆ కంపెనీ కూడా కుట్టుకోవచ్చు. ఒకరినొకరు నిలపడానికి మాత్రం లేదు.”

జలజ కాసేపు కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. తనది తాను కుట్టుకోవాలంటే తనది కాదని ఒప్పించాలట. ఈ మాటను ఎటు నుంచి పట్టుకున్నా చేతిలోంచి జారిపోతోంది. తిరుమలేశ్ మాత్రం వ్యాపారం చేసేవాడు కాబట్టి, పోయేది పోగా మిగిలేదేంటో తొందరగా తెలుసుకున్నాడు. “కుట్టుకోవడానికి అడ్డం లేకుంటే చాలమ్మా. సాక్ష్యం ఏం కావల్ల?” అని అడిగాడు.

“ఆ తేదీకి ముందే ఇది బయట ఉండేదని చూపించల్ల. ఊరికే ఉండేదంటే చాలదు, రూపం కనబడల్ల. మీ బిల్లుల్లో ఏముంటాది?”

“కుట్టుకూలి అని ఉంటాది,” అన్నాడతను చిన్నబోయి.

అప్పుడు జలజ ముఖం వెలిగింది. “గౌరి పండక్కి బాగినం ఇస్తిని కదా. ఆ జనవరికి ముందు సెప్టెంబరులోనే.”

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చేతితో చేసిన ఏ కొత్త వస్తువునూ మొదట అమ్మకూడదు. ఐదుగురు ముత్తైదువలకు ఇచ్చిన తర్వాతే అంగట్లో పెట్టాలి. తిరుమలేశ్ తల్లి దొడ్డమ్మ ఆ మాట మీద రాయిలాగా నిలబడేది. అందుకే ఆ గౌరి పండక్కి జలజ చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డతో పాటు ఒక్కొక్క కుల్లాయి పెట్టి, పైన ఇంకో చేట మూసి, కొంగు కప్పి వల్లూరు ఆడవాళ్లు ఐదుగురికి బాగినం ఇచ్చింది. ముందు నాలుగు అమ్మి డబ్బు కళ్లజూద్దామని తిరుమలేశ్ అప్పట్లో సణిగాడు కూడా. ఇప్పుడు అతనే అందరికంటే ముందు ఫోను తీసి ఫోటోలు వెతికాడు.

పదకొండు ఫోటోలు దొరికాయి. వినుత ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. చేట పట్టుకున్న ఆడవాళ్లు, కుల్లాయి పెట్టుకొని నవ్వుతున్న ఆడవాళ్లు, వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు. తేదీలున్నాయి, ముఖాలున్నాయి. చూస్తూ చూస్తూ ఆమె నవ్వు తగ్గింది.

“వెనక్కి తిరిగిండేది ఒక్కటీ లేదా అక్కా?”

“ఎందుకు?”

“వాళ్ల అర్జీలో కొత్తదనమంతా వెనక రేకుల్లో ఉండాదని రాసినారు. ముందు నుంచి చూస్తే ఇది మామూలు కుల్లాయే.”

“ఫోటో తీస్తాంటే ఎవరన్నా వీపు చూపిస్తారా వినుతమ్మా?” అంది జలజ.

బుధవారం పొద్దున్నే మొదటి బస్సుకు ఆమె ఒక్కతే వల్లూరు పోయింది. బాగినం తీసుకున్న ఐదుగురిలో ఎవరి ఫోన్లోనైనా వెనక నుంచి తీసిన ఫోటో ఉంటుందేమోనని ఆశ. ముందుగా చిన్నక్కను వెతికింది. ఐదుగురిలో పెద్దది చిన్నక్కే. పదేళ్లుగా అంగడికి వస్తోంది. రవికెలు, పండగ గుడ్డలు, కూతురి పెళ్లి బట్టలు అన్నీ జలజ దగ్గరే కుట్టించుకుంది.

ఎండ ఎక్కితే పలకలు కాలిపోతాయి, అప్పుడు నీళ్లు పడకూడదు. అందుకని కడిగే పని తెల్లవారుజామునే మొదలై తొమ్మిదికల్లా అయిపోవాలి. జలజ గేటు దగ్గర పేరు రాయించుకొని లోపలికి పోయేసరికి పది మంది ఆడవాళ్లు వరుసల మధ్య పని చేస్తున్నారు. ముందు ఒకరు పైపుతో నీళ్లు కొడుతుంటే, వెనక ఒకరు పొడుగాటి కట్టెకు బిగించిన బ్రష్షును పై నుంచి కిందికి ఒకే ఊపున దించుతున్నారు. మధ్యలో ఆపితే చార పడుతుంది. అందరి తలల వెనకా ఎనిమిదేసి రేకులు. తను కుట్టినవన్నీ ఇట్లా ఒక్కచోట, వరుసగా, కదులుతూ ఉండగా జలజ ఎప్పుడూ చూడలేదు. వీటిని ఏడు రోజుల్లో కంపెనీకి అప్పజెప్పాలట.

చిన్నక్క ఆమెను చూసి బ్రష్షు దించేదాకా మాట్లాడలేదు. పలక కింది అంచు దాకా తెచ్చి, నీళ్లు విదిలించి, అప్పుడు ఇటు తిరిగింది.

“ఏంది జలజమ్మా, ఇంత పొద్దున్నే ఈడికొస్తివి?”

జలజ చెప్పింది. సగం చెప్పేటప్పటికే తను చెప్పేది తనకే అర్థం కాలేదు. చిన్నక్క మాత్రం తల ఊపుతూ విని, చివర ఒకటే అడిగింది. “మా వీపుల ఫోటో కావల్ల, అంతే కదా?”

“అంతే.”

“మా వీపులన్నీ ఆదెప్ప ఫోన్లో ఉండాయి. దినామూ తీస్తాడు.”

ఆదెప్ప అక్కడి సూపర్వైజరు. పని జరిగిందని పైవాళ్లకు చూపించడానికి రోజూ మూడు వరుసలు ఫోటో తీసి గ్రూపులో పెడతాడు. తడిసిన పలకలూ, వరుస నంబరూ, పని చేసేవాళ్లూ అన్నీ పడాలి కాబట్టి ఎప్పుడూ వెనక నుంచే తీస్తాడు. ఫోటో కింద తేదీ, గంట, నిమిషం, ఊరు పేరు వాటంతట అవే పడతాయి.

“కంపెనీ ఫోటోలమ్మా, బయటికి ఇయ్యకూడదు,” అన్నాడు ఆదెప్ప.

“ఫోటోలు కంపెనీవైతే వీపులు ఎవరివప్పా?” అంది చిన్నక్క. “మమ్మల్ని అడిగి తీసినావా? చూపీ.”

ఆదెప్ప నీళ్ల ట్యాంకరు మెట్టు మీద కూర్చొని ఫోను తీశాడు. జలజ పక్కన నిలబడింది. బొటనవేలితో అతను వెనక్కి జరుపుతుంటే నెలలు వెనక్కి పోతున్నాయి. ఎండాకాలం, చలికాలం, వానలు పడిన రోజులు. ప్రతి ఫోటోలోనూ ఆడవాళ్ల వీపులు, రేకుల మధ్య కొప్పులు. పోయిన సంవత్సరం జనవరి వచ్చింది. పన్నెండు దాటింది. డిసెంబరు, నవంబరు. ఇంకా రేకులు కనబడుతూనే ఉన్నాయి. సెప్టెంబరులో గౌరి పండగ అయిన మర్నాడు ఐదుగురు ఆడవాళ్లు కొత్త కుల్లాయిలతో వరుసగా నిలబడి పలకలు కడుగుతున్న ఫోటో ఎంత తేటగా ఉందంటే, రేకులు లెక్కపెట్టొచ్చు. ఎడమ రెక్క పొడుగు కూడా తెలిసిపోతోంది.

“చాలప్పా, ఇదే. ఇదే నాకు కావల్సింది,” అంది జలజ. మూడు రోజుల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

ఆదెప్ప వేలు ఊరికే ఉండలేదు. మాట్లాడుతూనే ఇంకో రెండు నెలలు వెనక్కి జరిపాడు. అక్కడ రేకులు లేవు. కొంగులు చుట్టుకున్న తలలు, దస్తీలు కట్టుకున్న తలలు. వాటి మధ్య ఒకే ఒక తల వేరుగా ఉంది. పాత నీలం తువ్వాల. దాన్ని రెండు చెంపల మీదికి రెక్కల్లాగా మడిచి, హెల్మెట్టు కిందికి దోపి, వెనక గుండ్రంగా కంత చింపి, అందులోంచి కొప్పును బయటికి లాగారు. ఫోటో కింద జులై పద్దెనిమిది అని ఉంది.

“ఇదెవరు?” అంది జలజ.

చిన్నక్క వంగి చూసింది. “నేనే,” అని, పైపు చుట్టలు చుట్టడానికి పోయింది.

జలజ ఆ తువ్వాలను గుర్తుపట్టింది. ముందు రంగు గుర్తొచ్చింది, తర్వాత దాని ముతక వాసన. అది ఆమె మిషను బల్ల మీద రెండు రోజులు ఉండింది. కంత చుట్టూ పోగులు లేచిపోతున్నాయి, అంచు మడిచి కుట్టియ్యమ్మా అని చిన్నక్క తెచ్చి ఇచ్చింది. తను కుట్టి ఇచ్చింది. ఆ తర్వాత వారం పది రోజులకు పూజగదిలో తామర ముగ్గు వేస్తూ, కొప్పు కంతకు రేకులు పెడితే ఎట్లుంటుందని తనకు తట్టింది. ఇన్నాళ్లూ అడిగినవాళ్లందరికీ ముగ్గు సంగతి చెబుతూ వచ్చింది. అది అబద్ధం కాదు. తువ్వాల సంగతి మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పకూడదని దాచిపెట్టిందీ లేదు. అది ఆమె తలలోంచి ఎట్లా పోయిందో ఆమెకే తెలియదు.

“ఆ నెలలవి కొన్ని పంపిస్తాలేమ్మా, నీకు కావల్సినవి ఏరుకో,” అన్నాడు ఆదెప్ప. బస్సు ఎక్కేటప్పటికి జలజ ఫోన్లో నలభై రెండు వీపులు వచ్చి పడ్డాయి. వాటిలో నీలం తువ్వాల కూడా ఉంది.

దారంతా ఆమె కిటికీ పక్కన కూర్చొని పలకల వరుసలు చూస్తూ వచ్చింది. ఒకప్పుడు శనక్కాయలు పండిన నేల. చిన్నక్క వాళ్ల చేను కూడా ఆ పలకల కిందే ఎక్కడో ఉంది. ఏది ఎవరిదో ఇప్పుడు చూసి చెప్పడానికి లేదు. ఆ బెంగళూరు కంపెనీ మనిషికి అట్ట గీసుకోవడానికి ఇచ్చినప్పుడు, ఎంత బాగుండాదమ్మా అని అతనన్నప్పుడు, ఇది ఫలానా ఆమె తువ్వాల చూసి కుట్టినానని తను అనలేదు. అతను కూడా ఇంటికి పోయి ఇది ఫలానా జలజమ్మది అని ఎవరితోనూ అని ఉండడు. ఈ రెండూ ఒకటేనా కాదా అని పావగడ బస్టాండు వచ్చేదాకా ఆలోచించింది. కాదని ఒకసారి, అవునని ఒకసారి అనిపించింది.

ఫోటోలు చూసి తిరుమలేశ్ చేతులు రుద్దుకున్నాడు. “గెలిచినట్లే,” అన్నాడు. జలజ నీలం తువ్వాల చూపించి సంగతంతా చెప్పింది. అతను శ్రద్ధగా విని, కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు.

“గుడ్డకు కంత చింపితే అది కుల్లాయి అయిపోతుందా? కుట్టింది నువ్వు, రేకులు పెట్టింది నువ్వు. ఆ ఫోటో మనకెందుకు, తీసెయ్.”

“ఆ కంత లేకుంటే రేకులు యాడ పెట్టేదాన్ని?”

అతను అంగడి ముందుకు పోయాడు. లైనింగు గుడ్డ కోసం ఎవరో వచ్చి నిలబడ్డారు.

గురువారం ఆమె ఒక్కతే వినుత గదికి పోయి ఫోను బల్ల మీద పెట్టింది. వినుత సెప్టెంబరు ఫోటో చూసి కుర్చీలోంచి లేచినంత పని చేసింది. నీలం తువ్వాల దగ్గర ఆగింది. జలజ చెప్పేదంతా విన్నది.

“ఇది పెట్టాల్సిన పని లేదక్కా. తువ్వాలకు రేకులు లేవు, తోక లేదు. ఆకారం వేరు. చట్టం చూసేది రూపాన్నే అని చెప్పినా కదా. రూపం మీదే.”

“కంత ఎవరిదని అడగరా?”

“అడగరు. కంత దేనికి పెట్టినారని కూడా అడగరు.”

“చిన్నక్క వచ్చి అడిగితే?”

“ఆమె అడగదు,” అంది వినుత. చెడ్డతనంతో కాదు, కేసు తెలిసినదానిలాగా అంది. “రేపు ఆమెకు వారపు సెలవని మీరే అంటిరి కదా. సాక్షి కింద రమ్మనండి. బాగినం తీసుకున్నానని, మర్నాటి నుంచి పెట్టుకున్నానని ఒక ప్రమాణపత్రం చాలు. మీదొకటి, ఆమెదొకటి.”

శుక్రవారం పదకొండు గంటలకు చిన్నక్క వచ్చింది. మంచి చీర కట్టుకొని, తలకు నూనె రాసుకొని, కొప్పులో పూలు పెట్టుకొని, చెప్పులు గది బయటే విడిచింది. బెంచీ మీద జలజ పక్కన కూర్చోమంటే కొంచెం జరిగి కూర్చుంది. కూర్చోగానే అడిగింది.

“దీని వల్ల నా పని పోతాదా అమ్మా? ఆ కంపెనీ మా ప్లాంటుకేమన్నా చుట్టమా?”

“సంబంధం లేదు చిన్నక్కా, నేను కనుక్కున్నా,” అంది వినుత. ముందు జలజ ప్రమాణపత్రం తీసి చదివింది. అది కన్నడంలో ఉంది. ముగ్గురికీ కన్నడం వచ్చు గాని, కోర్టు కన్నడం వేరు కాబట్టి ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో విడమరిచి చెప్పింది. జలజ అనే నేను, పావగడ బజారులో ఫలానా అంగట్లో కుట్టుపని చేస్తూ, సోలార్ ప్లాంటు ఆడపనివాళ్ల కోసం ఈ కుల్లాయిని ఎవరి సహాయమూ లేకుండా, నా సొంత ఆలోచనతో తయారు చేసి, ఫలానా తేదీన గౌరి పండగ సందర్భంగా ఐదుగురికి ఇచ్చినాను.

జలజ ఆ వాక్యం వింటూ చిన్నక్క ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ల ముఖంలాగా ఉంది. సొంత ఆలోచనతో అన్నచోట ఆమె తల కూడా ఊపింది. వినుత పెన్ను మూత తీసి జలజ చేతికిచ్చి, వేలితో సంతకం చోటు చూపించింది.

జలజ పెన్ను పట్టుకుంది గాని కాగితం మీద పెట్టలేదు.

“చిన్నక్కా, ఆ నీలం తువ్వాల. అంచు కుట్టియ్యమని నా దగ్గరికే కదా తెస్తివి?”

“నీ దగ్గరికే తెచ్చినా.”

“తర్వాత నేను కుల్లాయి కుట్టినా. జలజమ్మ కుల్లాయి అని ఊరంతా పేరు పెట్టిరి. నువ్వు కూడా అట్లనే అంటివి. ఇన్ని దినాల్లో ఒక్క మాట అనలేదే నువ్వు.”

చిన్నక్క చేతులు ఒళ్లో పెట్టుకొని, బ్రష్షు కట్టె పట్టి పట్టి కాయలు కాసిన అరచేతిని ఇంకో చేతి బొటనవేలితో రుద్దుకుంది.

“ఏమనల్ల జలజమ్మా? నువ్వు తెలిసే నా సంగతి చెప్పలేదనుకొన్యా. పెద్ద అంగడి, నీ పేరైతేనే అమ్ముడుపోతాదేమో అనుకొన్యా.” తర్వాత, ఆమెను ఓదార్చడానికన్నట్టు, “నీ రేకులు బాగుండాయిలే. నాది చినిగిన గుడ్డ,” అంది.

ఫ్యాను తిరుగుతోంది. కింద జిరాక్సు మిషను కాగితాలు తీస్తున్న చప్పుడు వినబడుతోంది. జలజకు చెవులు వేడెక్కాయి. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటి ముందుకొచ్చి చేతులు తిప్పి అరిచి ఉంటే, తను కూడా ఒక మాట అని ఉండేది, ఏదో ఒకటి తేలి ఉండేది. తెలిసే చెప్పలేదనుకుందట. ఇన్ని రోజులూ అట్లా అనుకుంటూనే అంగడికి వచ్చి, నవ్వుతూ మాట్లాడి, రవికెల కొలతలు ఇచ్చి, బాగినం తీసుకుని, అక్షింతలు వేసి పోయింది. బెంగళూరు మనిషి గురించి వారమంతా తను ఏ మాటలనుకుందో, ఆ మాటలన్నీ తన గురించి ఈమె అనుకుని ఉండొచ్చు. అనుకోకుండా కూడా ఉండొచ్చు.

జలజ పెన్ను బల్ల మీద పెట్టింది.

“ఆ వాక్యం మార్చల్ల వినుతమ్మా.”

“ఏ వాక్యం?”

“ఎవరి సహాయమూ లేకుండా అనేది. సొంత ఆలోచన అనేది. ముందు ఈమె తువ్వాలకు కంత చేసుకొనింది, అది నా దగ్గరికొచ్చింది, అది చూసి నేను కుట్టినా, రేకులు నేను పెట్టినా. జరిగింది జరిగినట్టు రాయండి. జులై ఫోటో కూడా పెట్టండి.”

“అక్కా, కేసుకు అది అవసరం లేదు. చిక్కులు తెచ్చిపెట్టుకోవద్దు. సోమవారానికి జవాబు పోవల్ల.”

“పోయేలోపల రాయండి. అట్ల రాస్తే ఓడిపోతామా?”

వినుత ఆలోచించింది. “ఓడిపోము. సెప్టెంబరు ఫోటో ఉన్నాక ఇది ఉన్నా లేకున్నా ఒకటే.”

“అయితే ఉండనీండి.”

“నా పేరు కాగితాల్లోకి ఎందుకమ్మా?” అంది చిన్నక్క మెల్లగా. జలజ ఆమె వైపు తిరిగి, వద్దంటే రాయించనని చెప్పింది. చిన్నక్క వెంటనే వద్దనలేదు. పైట సర్దుకుని, కొప్పులో జారుతున్న పూలను లోపలికి తోసుకుని, “పని పోదని ఈయమ్మ చెప్పింది కదా. రాస్తే రాయండి,” అంది.

వినుత పాత కాగితాన్ని పక్కకు పెట్టి కొత్త తెల్లకాగితం తీసింది. ముందు పెన్నుతో రాసుకుని తర్వాత టైపు చేయిస్తానంది. తేదీ వేసింది. జలజ పేరు, మొగుడి పేరు, వయసు, అంగడి చిరునామా మళ్లీ రాసింది. తర్వాత రాయడం ఆపి తల ఎత్తింది.

“ఈమె పేరు చెప్పండక్కా.”

“చిన్నక్క.”

“అది పిలిచే పేరు కదా. ఆధారులో ఉండే పేరు కావల్ల.”

జలజ చెప్పడానికి నోరు తెరిచింది. ఆమె రవికె చేతి పొడుగు ఎంతో తెలుసు. ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం కిందికి ఉంటుందని తెలుసు. కూతురి పెళ్లి ఏ నెలలో అయిందో తెలుసు. పదేళ్లుగా కొలతల పుస్తకంలో చిన్నక్క, వల్లూరు అనే రాసుకుంటూ వచ్చింది. తెరిచిన నోరు అట్లాగే ఉంది. వినుత పెన్ను పట్టుకొని చూస్తోంది.

“ముద్దరంగమ్మ,” అంది చిన్నక్క.

వినుత రాసుకుంది. జలజ తలవంచుకొని, ఆ పేరును ఒకసారి లోపల్లోపలే అనుకుంది.